బ్యాడ్జీలు ఊడదీసే ఆవిడ

ఆవిడ పోయిందని వాట్సాప్‌లో చదివినప్పుడు నేను కుక్కర్‌కి మూత పెడుతున్నాను. పెట్టడం ఆపలేదు. వెయిట్ కూడా పెట్టి, మంట సరిచేసి, చెయ్యి తుడుచుకుని అప్పుడు మళ్లీ ఫోన్ చూశాను. అప్పటికే గ్రూపులో చాలామంది దండాలు పెట్టేశారు. ఎంత క్రమశిక్షణ, ఎంత శ్రద్ధ, మా పిల్లలు ఇవాళ ఇలా ఉన్నారంటే ఆంటీ వల్లే అని రాస్తున్నారు. వీళ్లలో సగంమంది ఆవిడ కారు పార్కింగ్ లాట్‌లోకి తిరుగుతుంటే "వచ్చిందిరా బాబూ" అని గొణుక్కున్నవాళ్లే. నేనేమీ రాయలేదు. నేను రాయాల్సింది అక్కడ పట్టదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

నేను ఆవిడని క్షమించలేదు. ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. ఆరేళ్ల కిందట, నలభైమంది చూస్తుండగా, పదమూడేళ్ల నా కూతురు మేఘన వెస్ట్ మీద నుంచి ఆవిడ ఒక బ్యాడ్జీ ఊడదీసింది. ఆ రోజు రగిలిన కడుపు ఇంకా చల్లారలేదు. మనిషి పోయినా చల్లారలేదని కుక్కర్ దగ్గర నిలబడ్డప్పుడే నాకు తెలిసింది.

పేరు రాయను. పిల్లలు బ్యాడ్జ్ ఆంటీ అనేవాళ్లు, పెద్దవాళ్లం కూడా అదే అనేవాళ్లం. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఆడపిల్లల స్కౌట్ ట్రూప్‌కి ఆవిడ పన్నెండేళ్లు పనిచేసింది. టెంటు వేయడం, మొక్క పెంచడం, దెబ్బకి కట్టు కట్టడం, ఇలా ఒక్కో పని నేర్చుకుంటే పిల్లకి ఒక్కో గుండ్రటి గుడ్డ బ్యాడ్జీ ఇస్తారు. చేతుల్లేని వెస్ట్ మీద దాన్ని ఇంట్లో అమ్మలు కుట్టాలి. ఏ పిల్ల నిజంగా పని చేసింది, ఎవరు చేసినట్టు నటించింది అని తేల్చే కుర్చీలో ఆవిడ కూర్చునేది. ఆ కుర్చీలో ఎవరూ ఆవిడని కూర్చోబెట్టలేదనుకుంటాను. ఆవిడే తెచ్చుకుని వేసుకుంది.

పొట్టి మనిషి. భీమవరం మాట. కార్ల కంపెనీలకి విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ చూసేది. పొద్దున్నించీ బ్రేకు ముక్కల్ని తిప్పి తిప్పి చూసి, బాగా లేనివి ఎర్ర డబ్బాలో పడేసి, గురువారం సాయంత్రం ఆ బూట్లతోనే నేరుగా చర్చి హాలుకి వచ్చేది. ఆ చర్చి తెలుగువాళ్లది. ఆవిడ ఆదివారాలు అక్కడికే వెళ్లేది, గురువారాలు మా ట్రూప్‌కి ఆ హాలు ఇప్పించింది కూడా ఆవిడే. ఇలాంటి మంచి పనులు ఆవిడకి బోలెడు ఉన్నాయి. అవన్నీ గ్రూపులో రాశారు, నేను మళ్లీ రాయను.

మెడలో ఆఫీసు ఐడీ కార్డు తాడు ఎప్పుడూ ఉండేది. దానికి కార్డుతో పాటు ఒక సీమ్ రిప్పర్ వేలాడేది. కుట్లు తెంపే చిన్న కొక్కెం అది, చివర రెండు కొమ్ములు, మధ్యలో పదును. మన దర్జీలు బ్లేడుతో చేసే పని దాంతో చేస్తారు. దానికో ప్లాస్టిక్ టోపీ ఉండేది. ఆవిడ మాట్లాడుతూ మాట్లాడుతూ ఆ టోపీని బొటనవేలితో తీసి పెడుతూ ఉండేది. టక్, టక్. ఆ చప్పుడు వినపడితే పిల్లలు వెస్టులు సర్దుకునేవాళ్లు, అమ్మలు కుర్చీల్లో సర్దుకునేవాళ్లు.

కుడిచేతి బొటనవేలి గోరు ఒక్కటే పెంచేది. కొత్త బ్యాడ్జీ కుట్టుకొచ్చిన పిల్లని దగ్గరికి పిలిచి, ఆ గోరు బ్యాడ్జీ అంచు కిందికి దూర్చి రెండుసార్లు లాగేది. కుట్టు కదిలితే టోపీ తీసేది. "లూజ్. మళ్లీ కుట్టించుకు రామ్మా." జిగురుతో అంటించినవాటికి గోరు కూడా అక్కర్లేదు, దూరం నుంచే కనిపెట్టేది. ఒకసారి ఒకావిడ టైమ్ లేక స్టేప్లర్ కొట్టుకొచ్చింది. బ్యాడ్జ్ ఆంటీ ఆ వెస్ట్‌ని హాల్లో ఉన్న అందరికీ ఇటూ అటూ తిప్పి చూపించి, "చూడండీ, ఫైలు తయారైంది" అంది. పాపం ఆ అమ్మాయి వాళ్లమ్మ రెండు నెలలు ట్రూప్ మొహం చూడలేదు.

ఆవిడకి ఒక మాట ఉండేది. పన్నెండేళ్లలో దాన్ని ఎన్నిసార్లు అందో ఆ హాలు గోడలకే తెలియాలి. పని అయిందా అని అడిగితే మనం "అయినట్టే ఆంటీ" అంటాం కదా. మొక్క మొలిచినట్టే, ప్రాజెక్ట్ అయినట్టే, సంతకం పెట్టేస్తే అయిపోయినట్టే. ఆవిడ కళ్లజోడు పైకి తోసుకుని అనేది: "అయినట్టే అంటే కాలేదనే. అయితే అయింది అంటారు." అంతే, కాగితం వెనక్కి జరిపేది.

శ్రేయ అనే అమ్మాయి పక్షులకి చెక్క గూడు చేసుకొచ్చింది ఒకసారి. వాళ్ల నాన్న డిజైన్ ఇంజినీరు. గూడు ఎంత నున్నగా ఉందంటే అందులో పక్షి కాదు, మేమే ఉండొచ్చు అనిపించింది. ఆవిడ దాన్ని తలకిందులు చేసి, మేకులు చూసి, పక్కనే నవ్వుతూ నిలబడ్డ నాన్నతో, "చాలా బాగుందండీ. బ్యాడ్జీ మీకు ఇమ్మంటారా?" అంది. ఆ పిల్ల నెల తర్వాత వంకర గూడు ఒకటి తెచ్చింది, ఒక మేకు పక్కకి పొడుచుకొచ్చింది. దానికి సంతకం పెట్టింది. అందరూ ఈ కథ ఆవిడ గొప్పతనానికి చెప్తారు. నేను ఆ నాన్న మొహం చూశాను కాబట్టి చెప్పను.

నా సంగతికి వస్తాను. నాకు కుట్టు వచ్చు. కరీంనగర్‌లో మా పెద్దమ్మ దగ్గర కూర్చుని నేర్చుకున్నది. ఇక్కడ పగలంతా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసినా, సాయంత్రం మెషీన్ ముందు కూర్చుంటేనే నాకు రోజు గడిచినట్టుంటుంది. ట్రూప్‌లో చాలామంది అమ్మలు వెస్టులు నాకే ఇచ్చేవాళ్లు. అంచు చుట్టూ సన్నగా, రెండు వరసలు, దారం రంగు కూడా బ్యాడ్జీ అంచు రంగే. నేను కుట్టినదాని మీద ఆవిడ గోరు ఎప్పుడూ ఆడలేదు. లాగేది, కదిలేది కాదు, మళ్లీ లాగేది, కదిలేది కాదు. అప్పుడు "ఊఁ" అనేది. నిజం చెప్పొద్దూ, ఆ "ఊఁ" కోసం నేను గురువారాలు ఎదురుచూసేదాన్ని. ఆఫీసులో ఏడాది చివర ఇచ్చే రేటింగ్ కంటే నాకది ఎక్కువగా ఉండేది. ఆవిడ మీద నా కోపంలో ఇది కూడా ఉంది.

ఇప్పుడు క్యాంప్. మేఘనకి నిప్పు బ్యాడ్జీ కావాలి. ఒక అగ్గిపెట్టె ఇస్తారు. అడవిలో దొరికిన పుల్లలతో తనే నిప్పు వెలిగించి, దాని మీద ఏదైనా ఒకటి వండి పెట్టాలి. కాగితం పనికిరాదు, నూనె పనికిరాదు, ఎవరూ సాయం చెయ్యకూడదు. దానికోసం ఏడాదిగా పెరట్లో సాధన చేసింది. కానీ ఆ శనివారం మిషిగన్ వాన సంగతి మీకు తెలుసు కదా, పెద్దగా కురవదు, మానదు. పుల్లలన్నీ నాని ఉన్నాయి. తక్కిన అమ్మాయిల పొయ్యిలు ఒక్కొక్కటే అంటుకుంటున్నాయి. మేఘన ముందు పొగ తప్ప ఏమీ లేదు. అగ్గిపుల్లలు ఐదే మిగిలాయి. పెదవి కొరుక్కుంటూ ఏడుపు ఆపుకుంటోంది.

నేను వాలంటీర్‌గా టెంట్ల దగ్గర ఉన్నాను. నా బ్యాగులో ఎప్పుడూ చిన్న పూజ డబ్బా ఉంటుంది. ఎక్కడికెళ్లినా పొద్దున్నే రెండు నిమిషాలు దీపం పెట్టుకుంటే నాకు స్థిమితం. అందులోంచి రెండు కర్పూరం బిళ్లలు తీసి, కట్టెలు అందిస్తున్నట్టు వంగి దాని చేతిలో పెట్టాను.

"అమ్మా, ఇది అలౌడ్ కాదు," అంది గుసగుసగా.

"దేవునిదేనే. ఏం గాదు. జల్ది పెట్టు."

అది నా మొహం ఒకసారి చూసి, పుల్లల అడుగున పెట్టింది. కర్పూరం కదా, ఒక్క అగ్గిపుల్లకే అంటుకుంది. తడి పుల్లలు చిటపటలాడి, ఆ తర్వాత మండక తప్పలేదు. అన్నం, పెసరపప్పు కలిపి ఉడికించింది. ఉప్పు ఎక్కువైంది, బాగానే ఉంది. అప్పుడే బ్యాడ్జ్ ఆంటీ గొడుగు పట్టుకుని అటుగా వచ్చింది. ఆగింది. ముక్కు ఎగబీల్చింది.

"ఎవరమ్మా ఇక్కడ హారతి ఇస్తన్నారు?" అంది నవ్వుతూ.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిడ నవ్వు ఆపి నా వైపు చూసింది, ఎక్కువసేపు కాదు. తర్వాత గొడుగు చెయ్యి మార్చుకుని వెళ్లిపోయింది. బతికాం అనుకున్నాను. క్యాంప్‌లో సంతకాలు పెట్టే ఇంకో వాలంటీర్ మేఘన కాగితం మీద సంతకం పెట్టేసింది. బ్యాడ్జీ ఇచ్చారు. నేను దాన్ని వెస్ట్‌లో గుండె వైపు, ఒక వరస కాదు, మూడు వరసలు కుట్టాను. ఎందుకలా కుట్టానో ఇప్పుడు తెలుస్తోంది.

రెండు వారాల తర్వాత బ్యాడ్జీల సభ. అమ్మలు, నాన్నలు, ఒకరిద్దరు అమ్మమ్మలు. పిల్లలు ఒక్కొక్కళ్లే వేదిక మీదికి వెళ్లాలి, ఆవిడ ఒక్క ప్రశ్న అడుగుతుంది, వాళ్లు జవాబు చెప్తారు, అందరం చప్పట్లు. మేఘన వంతు వచ్చింది.

"నిప్పు ఎవరు వెలిగించారు?"

"నేనే ఆంటీ."

"దేంతో?"

"మ్యాచ్‌స్టిక్స్."

"నాకు కర్పూరం వాసన వచ్చిందే. ఎవరిచ్చారమ్మా?"

మేఘన నా వైపు చూడలేదు. చూస్తే అందరికీ తెలిసిపోతుందని చూడలేదు. పదమూడేళ్లకి అంత తెలివి దానికి ఎక్కడిదో.

"ఎవరూ ఇవ్వలేదు. నేనే తెచ్చింది," అంది.

ఆవిడ కళ్లజోడు పైకి తోసుకుని హాలంతా చూసింది. ముందు వరస, మధ్య వరస, ఆఖరికి నేను కూర్చున్న వరస. "ఎవరైనా ఏమైనా చెప్తారా అండీ?" అని అడిగింది. ఎవరూ చెప్పలేదు. నేను చున్నీ సర్దుకున్నాను. ఆ చున్నీ మీద నీలం పువ్వులు ఉండేవి, మొత్తం పదకొండు. ఆ రోజు లెక్కపెట్టాను.

టక్ మంది టోపీ.

నా కుట్టు అంత తేలిగ్గా వచ్చేది కాదు కదా. మూడు వరసలు. ఆవిడ ఒంగుని, ఒక్కో కుట్టునూ కొక్కెంతో లేపి తెంపుతోంది. మేఘన చేతులు రెండూ పక్కలకి అంటించి, కదిలితే గుచ్చుకుంటుందన్నట్టు నిలబడింది. ఎంతసేపు పట్టిందో చెప్పలేను. నేను ఏబ్రాసి కుట్టు కుట్టి ఉంటే ఒక్క లాగుకి ఊడి వచ్చేది, నా బిడ్డ అంతసేపు నిలబడేది కాదు. ఆ రోజు నుంచి నేను మళ్లీ ఆ ట్రూప్‌లో ఎవరి వెస్టూ కుట్టలేదు.

కార్లో మేఘన ఒక్క మాటే అంది. "ఇట్స్ ఓకే అమ్మా." నేను ఆవిడని తిట్టడం మొదలుపెట్టాను. ఇంటికొచ్చేదాకా తిట్టాను.

ఇక నా వంతు. ఆవిడ రూల్ అంటే ప్రాణం పెట్టే మనిషి కదా, ట్రూప్ రూల్ పుస్తకం డౌన్‌లోడ్ చేసి మొదటి పేజీ నుంచి చదివాను. పిల్లల మధ్యకి పదునైన పనిముట్లు తెచ్చేటప్పుడు పాటించాల్సిన నియమాలు ఉన్నాయి అందులో. పిల్ల ఒంటి మీదున్న బట్టల మీద, ఛాతీ దగ్గర, పెద్దవాళ్లు చెయ్యి వెయ్యకూడదని ఉంది. నాకు ఆఫీసులో బగ్ రిపోర్టులు, అంటే తప్పుల చిట్టాలు, రాసే అలవాటు. ఎక్కడ జరిగింది, ఎన్నిసార్లు జరిగింది, ఏ రూల్ తప్పింది, ఎవరు చూశారు, అన్నీ అంశాల వారీగా రాసి ట్రూప్ కమిటీకి ఈమెయిల్ పంపాను. ఒక్క అబద్ధం లేదు అందులో. ఒక్క నిజం మాత్రం రాయలేదు.

ఇంకోటి కూడా చేశాను. కర్పూరం కాబట్టే ఆవిడకి అంత మండింది, కొవ్వొత్తి అయ్యుంటే వదిలేసేది అని ఎవరో అన్నారు. ఆ మాట నేను పుట్టించలేదు. కానీ నా ముందు అన్నప్పుడు కాదనలేదు. "ఏమో మరి" అన్నాను. "ఏమో మరి" అంటే ఆ మాట ఎంత దూరం పోతుందో నాకు తెలుసు. పోవాలనే అన్నాను.

ఆగస్టులో ఆవిడని తప్పుకోమన్నారు. ఆఖరి గురువారం ఆవిడ మెడలోంచి తాడు తీసి, సీమ్ రిప్పర్ విప్పి టేబుల్ మీద పెట్టింది. తాడు మళ్లీ వేసుకుంది, ఆఫీసుకి కావాలి కదా. నాకు పాయసం తాగినట్టుంది. దాచుకోవడం ఎందుకు, చాలా రోజులు అలాగే ఉంది.

పార్కింగ్ లాట్‌లో నా కారు దగ్గరికి వచ్చింది. ఆ ఈమెయిల్ ఎవరు రాశారో కమిటీవాళ్లు చెప్పరు, కానీ ఆవిడకి తెలియకుండా ఎలా ఉంటుంది.

"నీ ఈమెయిల్ చదివానమ్మా. ఒక్క తప్పు లేదు. వంక పెట్టడానికి లేకండా రాశావు."

నేను కారు తాళం వెతుక్కుంటున్నట్టు బ్యాగులో చెయ్యి పెట్టాను.

"నీ వస్తువొకటి నా దగ్గరుండిపోయింది. ఓసారి ఇంటికొచ్చి తీసుకెళ్లు."

క్యాంప్‌కి నేను పులిహోర పెట్టి తెచ్చిన స్టీలు డబ్బా గుర్తొచ్చింది. "మీరే ఉంచుకోండి ఆంటీ," అన్నాను.

"నాదెలా అవుద్ది? నువ్వొచ్చినప్పుడే తీసుకుందువు," అని వెళ్లిపోయింది. నేను వెళ్లలేదు. ఆ తర్వాత ఇండియన్ స్టోర్‌లో ఏడాదికి ఒకటి రెండుసార్లు ఎదురుపడేది. దూరం నుంచి చూడగానే నేను కార్ట్ తిప్పి పప్పుల వరసలోకి పోయేదాన్ని. ఒకసారి అలా తిప్పబోయి బియ్యం బస్తాల మధ్య ఇరుక్కుపోయాను. ఆవిడ వచ్చి కార్ట్ ముందు చక్రం ఎత్తి పక్కకి పెట్టి, ఏమీ అనకుండా పోయింది.

ఇదంతా ఇలా ఉండగా, ఆవిడ పోయిన నాలుగో రోజు జెర్సీ సిటీ నుంచి ఆవిడ కూతురు ఫోన్ చేసింది. ప్రశాంతి. నాకు ముఖపరిచయమే.

"ఆంటీ, చర్చి హాల్లోనే జ్ఞాపకార్థ కూడిక పెడుతున్నాం. మమ్మీ వెళ్లిన క్యాంపుల బ్యాడ్జీలన్నీ ఒక బాక్స్‌లో ఉన్నాయి. వాటిని ఒక గుడ్డ మీద కుట్టి డిస్‌ప్లే చేద్దామని. కుట్టడానికి మీరే కరెక్ట్ అనుకున్నాను."

"నేనా?"

"మమ్మీ ఎప్పుడూ అనేది, ఈ ఊళ్లో కుట్టు అంటే మేఘన వాళ్లమ్మదే అని."

ఒప్పుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నానంటే వంకరగా కుట్టడానికి. ఇది దాచుకోను. ఆవిడ బ్యాడ్జీలన్నీ వంకరగా, లూజుగా, జనం ముందు. ఎవరో ఒకరు అంచు పట్టుకుంటే ఊడి చేతిలోకి రావాలి. ప్రశాంతి బాక్స్ గుమ్మం ముందు పెట్టి వెళ్లేసరికి నేను పాత తెల్ల దారం కూడా తీసిపెట్టుకున్నాను.

బాక్స్‌లో పైన క్యాంప్ బ్యాడ్జీలు. వాటి కింద రబ్బర్ బ్యాండ్ వేసిన చిన్న ప్లాస్టిక్ కవర్ల కట్ట. ఒక్కో కవర్ మీద కాగితం అంటించి, గుండ్రటి తెలుగు అక్షరాలతో రాసి ఉంది. "శ్రేయ. పక్షి గూడు. నాన్న చేశాడు. మళ్లీ చేసింది. ఇచ్చేశాను." "హన్సిక. మొక్క. కొనుక్కొచ్చారు. మళ్లీ పెంచింది. ఇచ్చేశాను." అన్నీ ఖాళీ కవర్లు. ఊడదీసినవన్నీ దాచి, మళ్లీ పని చేశాక ఎవరివి వాళ్లకి ఇచ్చేసిందన్నమాట. నాకు నవ్వొచ్చింది. రిజెక్ట్ డబ్బా ఇంట్లో కూడా పెట్టుకుంది మహాతల్లి.

కట్టలో ఆఖరిది ఖాళీగా లేదు. లోపల ఒక బ్యాడ్జీ, నేను కుట్టిన ఎర్ర దారం తునకలు దాని అంచుకి ఇంకా అంటుకునే ఉన్నాయి.

"మేఘన. నిప్పు. మా ఇంటి వెనక మళ్లీ వెలిగించింది. తడి కట్టెలే. నాలుగో అగ్గిపుల్లకి అంటుకుంది. అయింది. ఇస్తే వద్దంది. వాళ్లమ్మ వచ్చి తీసుకోవాలట."

రెండోసారి చదివాను. మూడోసారి చదవలేదు. ఫోన్ తీసి ఆన్ ఆర్బర్‌లో హాస్టల్లో ఉన్న మేఘనకి కలిపాను. దానికిప్పుడు పంతొమ్మిది, తెలుగు మాత్రం ఇంకా ఇక్కడ పుట్టిన పిల్లల తెలుగే.

"నువ్వు బ్యాడ్జ్ ఆంటీ వాళ్లింటికి పోయినవా?"

"ఓ. దట్. అవును అమ్మా, ఆ సమ్మర్. లైబ్రరీ అని చెప్పి వెళ్లింది."

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు ఆమెని అంత హేట్ చేస్తుంది కదా. ఎలా చెప్పాలి?"

"మరి బ్యాడ్జీ ఎందుకు తీసుకోలే?"

"అమ్మా, అది నీ వల్ల పోయింది. నువ్వు తెస్తే బాగుంటుంది అని. ఐ వాస్ థర్టీన్. నువ్వు వెళ్లి ఆంటీకి చెప్తావు అనుకున్నా. చెప్పలేదు. తర్వాత నేను కూడా మర్చిపోయా, కైండా."

"ఆమెకి తెలుసు. కర్పూరం నేనిచ్చిన అని తెలిసే నీ మీద చెయ్యేసింది. నన్నడగొచ్చు కదా!"

"అడిగింది కదా అమ్మా," అంది మేఘన. "హాల్ మొత్తం చూసి అడిగింది. నువ్వు చున్నీ చూస్తుంది."

ఫోన్ పెట్టేశాక నాకు వచ్చింది పశ్చాత్తాపం అని రాస్తే బాగుంటుంది. వచ్చింది కోపం. ఆరేళ్లు నేను గెలిచాననుకుని తిరిగాను. ఆవిడ నా పిల్లని పెరట్లో కూర్చోబెట్టుకుని, నా బ్యాడ్జీని కవర్లో పెట్టుకుని, ఇండియన్ స్టోర్‌లో నా కార్ట్ చక్రం ఎత్తి పక్కన పెట్టి, నోరు మూసుకుని ఉంది. చెప్పొచ్చు కదా. ఒక్క ఫోన్ చెయ్యొచ్చు కదా. చెయ్యదు. వచ్చినప్పుడు తీసుకుంటుందిలే అని కూర్చుంది. పోయి మరీ నన్ను రప్పించుకుంది. పగ అంటే అది. నాది ఈమెయిలు.

గుడ్డ మీద కుట్టడం మొదలుపెట్టాను. లూజుగా కుట్టడం నాకు చేత కాలేదు. చెయ్యి వినలేదు, మెషీన్ వినలేదు. అన్నీ నిటారుగా వచ్చాయి. ఆవిడ మొదటి క్యాంపుది, మధ్యలో పెట్టాల్సింది, దాన్ని మాత్రం పట్టుబట్టి కాస్త పక్కకి వంచి కుట్టాను. చూసుకోనీ.

కూడిక రోజు హాలు నిండిపోయింది. మేఘన కూడా వచ్చింది, కొత్త కళ్లజోడుతో. పాటలయ్యాయి, ప్రార్థన అయింది. ఎవరైనా నాలుగు మాటలు చెప్తారా అని అడిగారు. సరిగ్గా అదే మాట, అదే హాలు. శ్రేయ వాళ్ల నాన్న పక్షి గూడు కథ చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. నేను లేచాను.

"ఆ రోజు కర్పూరం నాది," అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. ముందు వరసలో ఒకావిడ, "ఏ కర్పూరం అండీ?" అంది. ఒక్కళ్లకి కూడా గుర్తులేదు! ఆరేళ్లు ఏ అవమానాన్ని మోశానో అది ఆ హాల్లో నాకూ నా కూతురికీ తప్ప ఎవరికీ గుర్తులేదు. క్యాంప్ నుంచి మొదలుపెట్టి అన్నీ చెప్పాల్సి వచ్చింది. వాన, పూజ డబ్బా, చున్నీ. మేఘన అబద్ధమాడింది నా కోసమని. కమిటీకి రాసింది నేనేనని.

"ఇంకోటి కూడా ఉంది," అన్నాను. "కర్పూరం కాబట్టే ఆంటీకి కోపం వచ్చిందని ఒక మాట తిరిగింది. అది నిజం కాదు."

కర్పూరం మరిచిపోయినా ఆ మాట మాత్రం అందరికీ గుర్తుంది. చాలామంది తలలు దించుకున్నారు. ప్రశాంతి దించుకోలేదు. నా వైపే చూస్తోంది.

"ఆ మాట నా దాకా వచ్చినప్పుడు కాదనాల్సింది. అనలేదు. కావాలనే అనలేదు. మీ అమ్మని నేను వెళ్లగొట్టించాను," అన్నాను ప్రశాంతితో.

ఆ అమ్మాయి, "మమ్మీకి తెలుసు ఆంటీ," అంది. క్షమించానని అనలేదు. అననందుకు నాకు ఆ పిల్ల నచ్చింది. ఆ కుటుంబంలో ఎవరూ ఊరికే ఇవ్వరు.

భోజనాల దగ్గర మేఘన తన జీన్స్ జాకెట్ విప్పి నా ఒళ్లో పెట్టింది. "ఇప్పుడు కుట్టు అమ్మా. నువ్వు తెచ్చింది కదా." బ్యాగులో సూదీ దారం ఎప్పుడూ ఉంటాయి నాకు. కవర్లోంచి బ్యాడ్జీ తీసి, పాత ఎర్ర దారం తునకలు గిల్లేసి, అక్కడే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చేత్తో కుట్టాను. కళ్లు మసకబారి దారం సరిగా కనపడలేదు. అయినా చుట్టూ ఒక వరస పూర్తి చేసి, ముడి వేసి, పంటితో తెంపి ఇచ్చాను.

మేఘన జాకెట్ తీసుకుంది. కుడిచేతి బొటనవేలి గోరు బ్యాడ్జీ అంచు కిందికి దూర్చి రెండుసార్లు లాగింది. అంచు లేచింది.

"లూజ్," అంది.

"అయినట్టే కదనే, ఇంటికి పోయినంక మెషీన్ మీద..."

అది కళ్లజోడు పైకి తోసుకుంది. జాకెట్ మళ్లీ నా ఒళ్లో పెట్టింది. ఆ చచ్చినావిడని తిట్టుకుంటూ, వేసిన ముడి విప్పి, మొదటి కుట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టాను.